మూఢంలో రాసిన రెండు లైన్లు

మా ఆస్పత్రిలో కంప్యూటర్ల గది మెట్ల కింద ఉండేది. ఒకప్పుడు అక్కడ విరిగిన స్ట్రెచర్లు పడేసేవారట. రాజమండ్రి ఎండలకి బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, ఆ గదిలో మేం శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్ళం. ఏసీ సర్వర్ కోసం పెట్టింది, మా కోసం కాదు. మాకు చలేస్తోందని కాస్త తగ్గిస్తే దానికి జ్వరం వచ్చేది. అలా ఆ గదిలో ఏడేళ్ళు పనిచేశాం, నేనూ, మా సీనియరూ. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి చేసిన నిర్వాకం చాలు.

ఆయనది ధవళేశ్వరం. గోదారి మీద వల వేసుకుని బతికే కుటుంబం. ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయనొక్కరే పడవ దిగి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆయన నోట 'అండి' లేకుండా ఒక్క మాట కూడా నేను వినలేదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అయినా నన్నూ అండీ అనే అనేవారు. గది ఊడ్చే మనిషి గారు, కరెంటు పని చేసే మనిషి గారు. ఆఖరికి సర్వర్‌కి కూడా గారు తగిలించేవారు. "ఇవాళ సర్వర్ గారికి ఒంట్లో బాగోలేదండి, కాస్త నెమ్మదిగా అడగండి" అని డాక్టర్లకి ఫోన్లో చెప్తుంటే నాకు నవ్వాగేది కాదు. ఆయన భార్య కూడా మా ఆస్పత్రిలోనే పనిచేసేవారు. కింద ఓపీ కౌంటర్లో చీటీలు రాసేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఒకే కేరేజీ విప్పుకునేవారు.

నేను చేరిన మూడో ఏడు, పరీక్షల రిపోర్టులు కాగితాల మీద మోసుకెళ్ళక్కర్లేకుండా వార్డుల్లోనే తెర మీద కనపడేలా ఒక ప్రోగ్రామ్ రాయమన్నారు. రాశాను. ఆఖర్న ఒక్క చోట ఆగింది.

ఆస్పత్రిలో పనిచేసే ప్రతి మనిషి పేరూ, హోదా, ఎవరు ఏ కాగితం చూడొచ్చు, ఏది చూడకూడదు అన్నవన్నీ ఒకచోట రాసి ఉంటాయి. దాన్ని డైరెక్టరీ అంటాం. పెళ్ళివారింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయన ఉంటాడే, అలాంటిది. "ఎవరి తాలూకండీ?" అని అడగందే ఎవర్నీ లోపలికి పోనివ్వదు. మనిషి వెళ్ళినా అంతే, ప్రోగ్రామ్ వెళ్ళినా అంతే. ఒక పేరూ, దాని పాస్‌వర్డూ చెప్పాలి. ప్రోగ్రామ్‌కి నోరు లేదు కాబట్టి ఆ రెండూ మనమే కోడ్‌లో పెట్టి పంపాలి. పద్ధతి ప్రకారం అది ఏ మనిషి పేరూ కాకూడదు. ప్రోగ్రామ్ కోసమే విడిగా ఒక కొత్త ఖాతా తెరవాలి. కొత్త ఖాతాకి ఏవో గారి, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారి సంతకం కావాలి.

ఏవో గారు ప్రభుత్వాఫీసులో చేసి రిటైరై, మా ఆస్పత్రి పరిపాలన చూడ్డానికి వచ్చిన మనిషి. ఆయన బల్ల మీద కుడివైపు కీబోర్డు, ఎడమవైపు పంచాంగం ఉండేవి. కీబోర్డు మీద దుమ్ము పేరుకునేది గానీ పంచాంగం మీద ఎప్పుడూ లేదు. నా కాగితం అందుకుని, దాన్ని చదవకుండా పంచాంగం తిప్పారు.

"మూఢం నడుస్తోందమ్మా. శుక్రుడు కనపట్టం లేదు. ఇప్పుడు కొత్తదేదీ మొదలెట్టకూడదు."

"ఇది పెళ్ళి కాదు కదా సార్, ఖాతా."

"కొత్తది కొత్తదేనమ్మా. మూఢం వెళ్ళాక కొబ్బరికాయ కొట్టి తెరుద్దాం. అందాకా పాతవాటితో నడపండి."

మూఢం వెళ్ళడానికి ఇంకా రెండు నెలలుంది. డాక్టర్లేమో రేపటికల్లా కావాలంటున్నారు. గదిలోకి వచ్చి ఏవో గారిని నోటికొచ్చినట్టు తిట్టాను. మా సీనియర్ నవ్వి, "ఆయ్, ఆయన చెప్పింది నిజమేనండి" అన్నారు. "పాతవాటితో నడపమన్నారు కదా. నా ఖాతా పాతదేగా. నాది పెట్టేయండి. మూఢం వెళ్ళాక మార్చేద్దాం."

తప్పని ఇద్దరికీ తెలుసు. రెండు నెలలే కదా అనుకున్నాం. గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేకపోయినా ఆయన నా వైపు వంగి, పాస్‌వర్డ్ చెవిలో చెప్పినట్టు చెప్పారు. కొట్టాను. రెండు లైన్లు. ఒకదాంట్లో ఆయన పేరు, రెండోదాంట్లో ఆయన పాస్‌వర్డ్. పెద్దాయన గుమ్మం తీశాడు. వార్డుల్లో రిపోర్టులు వెలిగాయి.

శుక్రుడు వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. కొబ్బరికాయ కొట్టలేదు. నడుస్తున్నదాన్ని కదపకూడదని మా వృత్తిలోనూ ఒక నమ్మకం ఉంది, ఏవో గారి పంచాంగానికి ఏమీ తీసిపోదు. తర్వాత ఎక్స్‌రేలకి ఒక ప్రోగ్రామ్ రాశాను. పాతదాంట్లోంచి ఆ రెండు లైన్లు తెచ్చి అతికించాను. మందుల షాపుకి, ఆపరేషన్ల పట్టీకి, హాజరుకి, ఇంకా దేనికో. ఎన్నింటికి అతికించానో లెక్క పెట్టుకోలేదు. నాలుగేళ్ళు అలా గడిచాయి.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆయన బెంచీ మీద కేరేజీ ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండానే పక్కకి ఒరిగిపోయారు. భార్య పట్టుకున్నారు. గుండె. రెండో అంతస్తులో ఐసీయూలో మూడు రోజులున్నారు.

ఆ మూడు రోజులూ నేను కింద కూర్చుని లాగ్ చూస్తూ ఉన్నాను. లాగ్ అంటే సర్వర్ రాసుకునే దినచర్య. ఏ రిపోర్టు ఎన్నింటికి తెరుచుకుంది, ఎవరి పేరు మీద తెరుచుకుంది అన్నది అందులో వరసగా పడుతుంది. పైన నర్సు ఆయన రక్తపరీక్ష తెరిచినప్పుడల్లా కింద నా తెర మీద ఒక వరస పడేది. రోగి, ఆయన. తెరిచినవారు, ఆయన. ముక్కులో గొట్టాలతో కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి, మెట్లు దిగి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, తన రిపోర్టు తనే చూసుకుని వెళ్తున్నట్టు ఉండేది. కారణం నాకు తెలుసు. ఆ రెండు లైన్లు రాసిందే నేను. అయినా భయమేసింది. కుర్చీ వైపు చూడకుండా, గోడ వారగా నడిచి బయటికి వచ్చేదాన్ని.

గురువారం పొద్దున పదిన్నరకి ఒకసారి తెరుచుకుంది. పదకొండుకి ఆయన పోయారు. పదకొండుంబావుకి మళ్ళీ తెరుచుకుంది. సర్టిఫికెట్ రాయడానికి ఎవరో డాక్టరు గారు చూసి ఉంటారు. లాగ్ మాత్రం ఆయనే చూసుకున్నారని రాసింది.

పదో రోజున నేనూ రేవుకి వెళ్ళాను. అన్నదమ్ములు సొంత పడవలో వచ్చారు. కర్మ చేయించే అయ్యగారు ఆయన పేరూ గోత్రమూ పెద్ద తమ్ముడి చేత మూడుసార్లు చెప్పించారు. తప్పు లేకుండా చెప్పండి, పేరు పెట్టి పిలిస్తేనే వచ్చి అందుకుంటారు, అన్నారాయన. నేను నీళ్ళలో మోకాలి లోతున నిలబడి వింటున్నాను. ఇక్కడ మూడుసార్లు పిలిచి ఊరుకుంటారు. అక్కడ నా ప్రోగ్రామ్‌లు ఐదేసి నిమిషాలకోసారి ఆయన్ని పిలుస్తూనే ఉన్నాయి. పిలిచిన ప్రతిసారీ గుమ్మం తెరుచుకుంటూనే ఉంది.

మర్నాడు ఆస్పత్రికి వచ్చి ఆయన ఖాతా ఆపేశాను. మనిషి పోతే ఖాతా ఆపాలి, అది రూలు. రెండు నిమిషాలు గడవలేదు, ఫోన్లు మొదలయ్యాయి. ల్యాబులో తెరలు తెల్లబడ్డాయి. మందుల షాపు దగ్గర జనం ఆగిపోయారు. ఆపరేషన్ థియేటర్లోంచి ఎవరో అరుస్తున్నారు. ఖాతా మళ్ళీ తెరిచాను. అన్నీ లేచి కూర్చున్నాయి. ఏవో గారు మెట్ల దాకా వచ్చి "ఏమైందమ్మా?" అన్నారు. "ఏం లేదు సార్, సర్వర్ కాస్త ఆగింది" అన్నాను. నా అబద్ధాలు అక్కడ మొదలయ్యాయి.

ఒక పది రోజులు గట్టిగా కూర్చుంటే అన్నిచోట్లా మార్చేయొచ్చు. కూర్చోలేదు. ఇద్దరి పనీ ఒక్కదాన్నే చేస్తున్నాను, తీరిక లేదు అని చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే నాకు తీసేయబుద్ధి కాలేదు. పొద్దున రాగానే లాగ్ తెరిస్తే ఆయన పేరు వరసగా కనిపించేది. "వచ్చారా అండీ" అనుకునేదాన్ని. ఒక్కోసారి పైకే అనేసేదాన్ని. మొదట్లో ఆ కుర్చీ చూస్తే భయపడ్డదాన్ని, రెండు నెలలయ్యేసరికి దాని మీద ఎవరైనా ఫైలు పెడితే కోప్పడ్డం మొదలుపెట్టాను.

మూడు నెలలకి ఆయన భార్య తిరిగి ఉద్యోగంలోకి వచ్చారు. ఇంట్లో ఆవిడా, ఇంటర్ చదివే కూతురూ. ఆ ఉద్యోగమే ఆధారం. ఓపీ కౌంటర్లో మునుపటిలాగే చీటీలు రాసేవారు. కేరేజీ తెచ్చుకోవడం మానేశారు. మధ్యాహ్నం బెంచీ ఉన్నవైపు రాకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళి టీ తాగి వచ్చేవారు. నేను ఎదురుపడితే నవ్వేవారు. ఆయన ఇంకా రోజూ వస్తున్నారని నాకు చెప్పాలనిపించేది. పిచ్చిదాన్ననుకుంటారని ఊరుకునేదాన్ని.

ఆవిడ వచ్చిన నెలకి రామచంద్రపురం వైపు నుంచి ఒక రైతు వచ్చారు. ఏవో గారి బల్ల గుద్ది మాట్లాడారు. ఆయన కూతురికి ఫిట్స్ ఉన్నాయి. మా దగ్గర చేయించుకున్న పరీక్ష రిపోర్టుని ఎవరో తెర మీద ఫొటో తీసి, పెళ్ళికొడుకు వాళ్ళ ఫోన్‌కి పంపారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. "వాళ్ళకి మేం చెప్పామా, చెప్పలేదా అన్నది మా ఇంటి సంగతండి. మీ ఆస్పత్రిలోంచి కాగితం బయటికెలా వచ్చింది? అదొక్కటీ చెప్పండి చాలు" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఏవో గారు నన్ను పిలిచి ఆ రిపోర్టు ఎవరు తెరిచారో కాగితం తీసుకురమ్మన్నారు. తీయకముందే అందులో ఏముంటుందో నాకు తెలుసు. అచ్చు తీసి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"ఇదేంటమ్మా, ఈయన పోయి నాలుగు నెలలైందిగా! పోయిన గురువారం తెరిచినట్టుందేంటి?"

ఒక్క నిమిషం ఆయన నిజంగానే దయ్యమనుకున్నారు. చెయ్యి దేవుడి పటం వైపు లేచింది. ఆ నిమిషంలో నేను నోరు తెరిచి ఉండాల్సింది. అది దయ్యం కాదు సార్, నా కోడ్. వార్డులో ఎవరు ఏ రిపోర్టు తెరిచినా ఆయన పేరే పడుతుంది. ఇంతే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అదే తేలితే, ఆస్పత్రిలో ఎవరు ఏది చూశారో నాలుగేళ్ళుగా తెలుసుకునే దారే లేకుండా చేసింది నేనని తేలుతుంది. ఆ రైతు బల్ల గుద్దాల్సింది నా ముందని తేలుతుంది. రేపు చెబుదాం అనుకున్నాను.

ఈలోగా ఏవో గారిలోని గుమాస్తా తేరుకున్నాడు. "పోయినోళ్ళు ఫొటోలు తీసి పంపరమ్మా. పాస్‌వర్డ్ తెలిసినోళ్ళు పంపుతారు. ఈయన పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అని అద్దంలోంచి ఓపీ కౌంటర్ వైపు చూశారు. నేనూ చూశాను. ఆవిడ ఎవరో ముసలమ్మకి చీటీ మీద గది నంబరు గుండ్రంగా చుట్టి చూపిస్తున్నారు.

మర్నాడు నేను వచ్చేసరికే ఆవిడని లోపలికి పిలిచారు. పది నిమిషాలు. తలుపు తీసుకుని వచ్చి కౌంటర్ దగ్గర స్టాంపు ప్యాడ్ మూత పెట్టి, సొరుగు తాళం తీసి బల్ల మీద ఉంచి, బ్యాగ్ భుజానికి తగిలించుకుని, క్యూలో ఉన్న జనం మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయారు. నర్సులు గుసగుసలాడుతున్నారు. ఏవో గారు నాతో, "ఒప్పేసుకుందమ్మా. వాళ్ళాయన పుస్తకంలో పాస్‌వర్డ్ చూసి వాడుకుందట. రాసిచ్చేసింది, రాజీనామా కూడా ఇచ్చేసింది. పోలీసులదాకా ఎందుకని వదిలేశాం" అన్నారు.

ఆయన పాస్‌వర్డ్ పుస్తకంలో రాసుకునే మనిషి కాదు. ఖాళీ గదిలో కూడా గొంతు తగ్గించిన మనిషి. అయినా ఆ రోజంతా నన్ను నేను నమ్మించుకున్నాను. ఒప్పుకుందంటే చేసే ఉంటుంది, నా కోడ్ సంగతి వేరు, ఇది వేరు, అని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అలాగే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఏవో గారు, "ఆయన ఖాతా పూర్తిగా తీసేయమ్మా, అరిష్టం. వేరేది కావాలంటే తెరుచుకో" అని సంతకం పెట్టేశారు. ఈసారి పంచాంగం చూడలేదు.

కొత్త ఖాతా తెరిచి, ఒక్కో ప్రోగ్రామ్ విప్పి ఆ రెండు లైన్లు తీయడం మొదలుపెట్టాను. మొత్తం పదకొండు చోట్ల ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసినకొద్దీ లాగ్‌లో ఆయన రాక తగ్గుతూ వచ్చింది. ఐదు నిమిషాలకోసారి వచ్చేవారు గంటకోసారి వచ్చారు. తర్వాత పూటకోసారి. చివరికి పొద్దున ఆరింటికి ఒక్కసారి. ఆ ఆరింటిది ఎక్కడి నుంచో ఎంత వెతికినా దొరకలేదు. పొద్దున ఎనిమిదికి వచ్చి తెరిచేసరికి ఆ ఒక్క వరసా కనిపించేది. ఎవరూ లేని గదిలోకి వచ్చి, చూసి, వెళ్ళిపోయినట్టు. మీరు చెప్పరేంటండీ అని అడగడానికే వచ్చి వెళ్తున్నారనిపించేది. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేనిదాన్ని, ఆ రోజుల్లో గదిలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు బయట విప్పేదాన్ని.

పదిహేడో రోజు దొరికింది. సిబ్బందిలో ఆ రోజు ఎవరి పుట్టినరోజో చూసి, వాళ్ళ ఫోన్‌కి శుభాకాంక్షలు పంపే చిన్న ప్రోగ్రామ్. ఆయన సరదాపడి నాతో రాయించుకున్నది. పనికి వచ్చే వాటిలో లెక్క కాదని నేనే మర్చిపోయాను. అందులోనూ మార్చేశాను.

పద్దెనిమిదో రోజు పొద్దున లాగ్ తెరిచాను. ఆయన లేరు. పైనుంచి కిందిదాకా చూశాను, మళ్ళీ కిందనుంచి పైదాకా చూశాను. ఎక్కడా లేరు. నాలుగు నెలల కిందట పోయిన మనిషి ఆ పొద్దునే పోయినట్టు ఏడ్చాను. రేవులో ఏడవలేదు, అక్కడ ఏడ్చాను.

ఏడుపు ఆగాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రెండు లైన్లు ఇప్పుడు ఎక్కడా లేవు. నేను నోరు మూసుకుంటే ఇంకెవరికీ, ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన రావడం తప్పు కాదు, వస్తుంది. కానీ అది వచ్చినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని చూసి నాకే అసహ్యం వేసింది. వారానికోసారి మేం దాచి ఉంచే పాత కాపీల్లోంచి నా కోడ్ బయటికి తీసి అచ్చు వేసి, ఏవో గారి గదికి నడిచాను.

ఆయన ఆ కాగితం మీద నా వేలు పెట్టిన చోట ఆ పేరు చదివారు.

"అయితే ఆ అమ్మాయి రిపోర్టు తెరిచింది ఎవరమ్మా?"

"తెలీదు సార్. ఇంక తెలిసే దారి లేదు. డాక్టర్లు తెరిచినా, నర్సులు తెరిచినా, నేను తెరిచినా, మీరు తెరిచినా ఆయన పేరే పడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టారు. "ఆవిడే ఒప్పుకుంది, రాసిచ్చింది. అయిపోయిందమ్మా. కదపకు. నీ ఉద్యోగం నీకుంటుంది" అన్నారు. చెడ్డవాడేమీ కాదు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నారు. నేను కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, బయటికి వచ్చి ధవళేశ్వరం ఆటో ఎక్కాను.

ఇంటి ముందు దండేల మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ పెరట్లో బుట్టలు కడుగుతున్నారు. తోడికోడలితో కలిసి పొద్దున్నే చేపల బజార్లో కూర్చుంటున్నారట. చేతులు కడుక్కుని వచ్చి, "రండి రండి, ఎండన పడి వచ్చారు" అని కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. మూఢం, రెండు లైన్లు, ఐసీయూలో ఆయన రిపోర్టులు ఆయన పేరు మీదే తెరుచుకోవడం, అన్నీ.

ఆవిడ తల వంచుకుని విన్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

"అయితే ఆయన పాస్‌వర్డ్ ఊరందరికీ పంచలేదన్నమాట."

"లేదండి. నాకొక్కదానికే చెప్పారు. అదీ ఆస్పత్రి పని కోసం."

"నాకేమీ తెలీదంటే ఏవో గారు అలాగన్నారండి. మీ ఆయన బతికుండగా అందరికీ పంచేసుంటాడు, ఆయన పేరు పోలీసు కాగితాల్లోకి ఎక్కుద్ది అన్నారు. పోయినాయన వచ్చి కాదని చెప్పుకోలేరు కదండీ. అందుకని నేనే దొంగిలించానన్నాను."

"మీకు అసలు ఆ పాస్‌వర్డ్ తెలుసాండీ?"

"తెలీదండి. ఏంటో చెప్పమని అడుగుంటే అక్కడే దొరికిపోయేదాన్ని. అడగలేదు."

అది ఇప్పటికీ నా వేళ్ళకి తెలుసు. చెప్పమంటారా అన్నాను. వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్తూ పలకరిస్తే ఆవిడ చెయ్యి ఊపారు. "వద్దులెండి" అన్నారు. "నాకు చెప్పాలనుకుంటే ఆయనే చెప్పేవారు."

తర్వాత అడిగారు, "మీకెప్పుడు తెలిసిందండీ ఇది మీ కోడ్ వల్లని?"

ఇవాళే అనొచ్చు. అనేవాళ్ళు ఉన్నారు. "ఏవో గారు కాగితం అడిగినప్పుడే. మొదటి రోజే" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. "మా అమ్మాయిని కాలేజీలో అడిగారంటండి, మీ అమ్మ రిపోర్టులు అమ్ముకుందా అని. అది మూడు రోజులు కాలేజీకి పోలేదు" అన్నారు, అంతే.

మీ ఉద్యోగం మీకు ఇప్పిస్తానండి, ఏవో గారితో గట్టిగా మాట్లాడతాను అని ఏదేదో వాగాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉద్యోగం సంగతి తర్వాతండి. ఓపీ కౌంటర్ దగ్గర అంతమంది చూస్తుండగా నేను బ్యాగ్ సర్దుకుని వచ్చాను. అక్కడే చెప్పండి. ఏవో గారి గదిలో కాదు. అందరికీ వినపడేలా చెప్పండి. ఆయన పేరు పెట్టి చెప్పండి."

మర్నాడు పొద్దున చీటీల క్యూ గుమ్మం దాకా ఉంది. నర్సులు డ్యూటీ మారే వేళ. నేను కౌంటర్ పక్కన నిలబడి, పెద్దగా, నా పేరూ ఆయన పేరూ చెప్పాను. నేను రాసిన కోడ్‌లో ఆయన పేరూ పాస్‌వర్డూ పెట్టానని, అందుకే పోయిన మనిషి పేరు కనిపించిందని, ఆ రిపోర్టు ఆయన బయటికి ఇవ్వలేదని, ఆవిడా ఇవ్వలేదని చెప్పాను. ఆవిడకి ఆ పాస్‌వర్డ్ కూడా తెలియదని చెప్పాను. ఇదంతా తెలిసి కూడా పద్దెనిమిది రోజులు నోరు మూసుకున్నానని చెప్పాను. ఏవో గారు తన గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నారు.

ఆ సాయంత్రమే ఆయన స్వయంగా ధవళేశ్వరం వెళ్ళి ఆవిడని రమ్మని అడిగారు. ఆవిడ రాలేదు. చేపల బజార్లోనే ఉండిపోయారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేను ఆ నెలాఖరుకి మానేశాను. ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. వీటికంటే ఎక్కువగా నన్ను వెంటాడేది ఓపీ కౌంటర్ మీది గోడ గడియారం. మొదలుపెట్టే ముందు ధైర్యం కోసం దాని వైపు చూశాను, తొమ్మిదీ ఐదైంది. చెప్పాల్సిందంతా చెప్పేసి, ఎవరి మొహమూ చూడలేక మళ్ళీ దాని వైపే చూశాను. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది, అయినా ఇంకా తొమ్మిదీ ఐదే.